విచారణలో సేవ చేయాలనుందా? అయితే ముందు గుమ్మం దగ్గర నిలబడండి

విచారణ అంటే ఒక కతోలిక గుడి, దాన్ని నమ్ముకున్న విశ్వాసుల సంఘం. అక్కడ పూజ చివర్లో ఫాదర్ గారు "వాలంటీర్లు కావాలి, పేర్లు ఇవ్వండి" అని ప్రకటించగానే చాలామందికి చెయ్యెత్తాలనే ఉంటుంది, కానీ ఏం చేయాల్సొస్తుందో తెలీక ఊరుకుంటారు, ఇంకొంతమంది నాలాగా ఏమీ తెలీకుండానే దూకేస్తారు. నేను మొదటిసారి పేరిచ్చింది పూజలో బైబిల్ పఠనం చదవడానికి. సరిగ్గా పెంతెకోస్తు పండగ రోజు నా వంతు పడింది. అపోస్తలుల కార్యాలు రెండో అధ్యాయమే కదా, ఎన్నిసార్లు వినలేదు అనుకుని ఇంట్లో ఒక్కసారి కూడా పైకి చదువుకోలేదు. తీరా మైకు ముందు నిలబడ్డాక పార్తీయులు, మాదీయులు దాకా బానే వెళ్ళి, ఫ్రుగియ, పంఫూలియ దగ్గరకొచ్చేసరికి నాలుక మడతపడిపోయింది, మళ్ళీ మొదలుపెట్టా, మళ్ళీ అక్కడే ఆగా. ముందు వరుసలో ఓ బుడ్డోడు కిసుక్కున నవ్వాడు, వాళ్ళమ్మ వాడి నోరు మూసింది.

ఆ వారం సేవకుల బాధ్యత చూసే అక్క నన్ను పక్కకి పిలిచి తిట్టలేదు, "కొన్నాళ్ళు తలుపు దగ్గర నిలబడు తమ్ముడూ" అంది అంతే. డిమోషన్ ఇచ్చిందనుకుని లోపల మండిపోయింది. ఆర్నెల్లు నిలబడ్డాక తెలిసింది, చెవులు సరిగా వినపడనివాళ్ళు ఎక్కడ కూర్చుంటారో, మెట్లెక్కలేక ఎవరు పక్క తలుపు నుంచి వస్తారో, ఎవరు రోజూ ఆలస్యంగా ఎందుకొస్తారో ఇవన్నీ గుమ్మం దగ్గర తప్ప ఇంకెక్కడా కనపడవు. ఆ తర్వాత మళ్ళీ చదవడానికి ఎక్కినప్పుడు ఎవరికోసం చదువుతున్నానో నాకు మొహాలతో సహా తెలుసు. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళెవరికైనా నేను ఇదే వరస చెప్తా, గుమ్మం ముందు, పీఠం తర్వాత.

1. పేరిచ్చే ముందు

ముందు మీ విచారణలో ఏయే సేవలు నడుస్తున్నాయో కనుక్కోండి. మామూలుగా స్వాగత సేవకులు, కానుకలు పట్టేవాళ్ళు, పఠకులు, గానబృందం, పీఠం (బలిపీఠం) దగ్గర గురువుకి సాయపడే పీఠ సేవకులు, సాక్రిస్టీ (పూజ పాత్రలు, వస్త్రాలు ఉంచే గది) చూసుకునేవాళ్ళు, సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) పంచే అసాధారణ పరిచారకులు ఉంటారు. పెద్ద విచారణల్లో మైకులు, ప్రొజెక్టర్, లైవ్ చూసేవాళ్ళు వేరే.

ఇదంతా ఫాదర్ గారికి చేసే సాయం అనుకునేవాళ్ళు చాలామంది, నిజానికి కాదు. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఇచ్చిన ఆరాధన శాసనం 29వ అంశంలో పీఠ సేవకులు, పఠకులు, వ్యాఖ్యాతలు, గానబృందం చేసేది నిజమైన ఆరాధన సేవ అని స్పష్టంగా రాసింది. గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళ సంగతి రోమన్ పూజాగ్రంథం సాధారణ సూచనల్లో 105వ అంశంలో ఉంటుంది, కానుకలు పట్టేవాళ్ళు, వచ్చినవాళ్ళని ఎదుర్కొని చోటు చూపించేవాళ్ళు, ఊరేగింపుని సర్దేవాళ్ళు అని. ఎవరైనా "తలుపు దగ్గర పనీ ఒక సేవేనా" అంటే ఆ నంబర్ చెప్పండి, నేనైతే చాలాసార్లు చెప్పా.

పఠకుల, పీఠ పరిచారకుల (అకోలైట్ల) హోదాని 1972లో ఆరో పౌలు పోపు గారు సామాన్య విశ్వాసులకి తెరిచారు, కానీ అధికారికంగా నియమించేది మగవాళ్ళనే. 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోపు గారు దాన్ని ఆడవాళ్ళకీ ఇచ్చారు. మామూలు ఆదివారం రోస్టర్‌లో చదివేవాళ్ళకి ఆ నియామకం అక్కర్లేదు, ఫాదర్ గారి అనుమతి, శిక్షణ ఉంటే చాలు. సత్ప్రసాదం పంచే సేవకి మాత్రం జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొంది, సంఘ జీవితంలో నిలకడగా ఉన్నవాళ్ళనే తీసుకుంటారు, చాలా మేత్రాసనాల్లో దానికి పీఠాధిపతి (బిషప్) అనుమతి, అదీ కొంతకాలానికే ఇస్తారు.

ఇంకోటి, పిల్లలతో పనిచేసే ఏ సేవలోనైనా బాలల భద్రత శిక్షణ, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడిగితే "నన్నే అనుమానిస్తారా" అని మొహం మాడ్చుకోకండి. పెద్దవాళ్ళు ఒక్కరే ఒక పిల్లాడితో తలుపేసిన గదిలో ఉండకూడదు, సాక్రిస్టీ అయినా సరే. ఇందులో మొహమాటాలు లేవు.

2. గుమ్మం దగ్గర

పూజకి అరగంట ముందు చేరాలి. జనంతో పాటు వస్తే మీరూ అతిథే అయిపోతారు. రాగానే తలుపులన్నీ తీసున్నాయా, అత్యవసర దారికి కుర్చీలు అడ్డం పెట్టారా, తీర్థం తొట్టిలో నీళ్ళున్నాయా, పాటల పుస్తకాలు సరిపోతాయా, వీల్‌చైర్ పట్టే చోటు ఖాళీగా ఉందా చూసుకోండి. వీల్‌చైర్‌ని చివర్లో గోడ వారగా తోసెయ్యకండి, కుటుంబంతో కలిసి కూర్చునేలా ఒక వరస చివర్లో చోటు వదిలితే చాలు.

పలకరింపు చిన్నగా ఉండాలి. కళ్ళలోకి చూసి "రండమ్మా, రండి" అంటే చాలు. కొత్త మొహం కనపడగానే ఏ ఊరు, ఏం చేస్తారు, పిల్లలెంతమంది అని ప్రశ్నలు కురిపిస్తే పాపం పోలీస్ స్టేషన్‌కి వచ్చామా అనుకుంటారు. టాయిలెట్లు ఎటు, చిన్నపిల్లలతో ఎక్కడ కూర్చోవచ్చు, పూజ ఎంతసేపు, ఈ మూడూ చెప్తే కొత్తవాళ్ళు సగం కుదుటపడతారు.

చోటు చూపించేటప్పుడు యాకోబు లేఖ రెండో అధ్యాయం గుర్తుంచుకోండి, బంగారపు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టల పేదవాడికి "అక్కడ నిలబడు" అనే పక్షపాతం వద్దంటుంది అది. రాసింది మొదటి శతాబ్దంలో, కానీ పండగ రోజు ముందు వరసలు ఎవరికోసం ఆపుతున్నామో చూసుకుంటే నిన్ననే రాశారేమో అనిపిస్తుంది. మఠవాసుల కోసం రాసిన పునీత బెనెడిక్ట్ నియమావళి 53వ అధ్యాయం కూడా వచ్చే అతిథులందరినీ క్రీస్తునే చేర్చుకున్నట్టు చేర్చుకోమంటుంది, అందులోనూ పేదల మీద, బాటసారుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమంటుంది.

మా దగ్గర ఒకాయన ప్రతి ఆదివారం వెనక స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. నేను కొత్త ఉత్సాహంలో మొదటి వారం వెళ్ళి ముందు చోటుంది రండన్నా, తల అడ్డంగా ఊపాడు. రెండో వారం కుర్చీ తీసుకెళ్ళి పక్కన పెట్టా, కూర్చోలేదు. మూడో వారం చెయ్యి పట్టుకుని మరీ పిలిచా. అప్పుడు నెమ్మదిగా అన్నాడు, "బాబూ, జనం మధ్యలో కూర్చుంటే నాకు ఊపిరాడదు, తలుపు కనపడుతుంటేనే ప్రార్థన చేసుకోగలను." ఆ రోజు నుంచి నేను చేసిన పనల్లా ఆ స్తంభం దగ్గర ఎవరూ సామాన్లు పెట్టకుండా చూడటం.

ఆలస్యంగా వచ్చేవాళ్ళని ఎప్పుడు లోపలికి పంపాలి అనేది అందరూ అడుగుతారు. పఠనం నడుస్తున్నప్పుడు, సువిశేషం (సువార్త) చదివేటప్పుడు, ప్రసంగంలో, రొట్టె ద్రాక్షరసాలని ఎత్తి చూపించేటప్పుడు ఎవర్నీ నడిపించకండి. ఒక పఠనం అయ్యి ఇంకోటి మొదలయ్యేలోపు, సువిశేషానికి ముందు అందరూ లేచి పాడుతున్నప్పుడు, కానుకల సమయంలో పంపొచ్చు. ఆపినవాళ్ళకి చెయ్యి అడ్డం పెట్టి కాదు, పక్కన నిలబడి "ఒక్క నిమిషం, ఈ పఠనం అవ్వగానే వెళ్దాం" అనండి. ఏడుస్తున్న బిడ్డని ఎత్తుకుని బయటికొచ్చిన తల్లికైతే ఏ నియమమూ లేదు, ఎప్పుడొచ్చినా తలుపు తీసి పట్టుకోవడమే.

ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే ఏం చేయాలో ముందే పంచుకుని ఉంచుకోవాలి: ఒకరు మనిషి దగ్గర, ఒకరు అంబులెన్స్‌కి ఫోన్, ఒకరు గేటు దగ్గర నిలబడి దారి చూపించడానికి. ప్రథమ చికిత్స పెట్టె తాళం ఫాదర్ గారి జేబులో ఉండకూడదు. అలా ఉన్న రోజు ఒకటి చూశా నేను, పూజ మధ్యలో పీఠం దగ్గరికెళ్ళి తాళం అడగాల్సొచ్చింది.

కానుకలు పట్టేటప్పుడు సంచీ మొహం ముందు ఆపి నిలబడకండి, అందించి కదిలిపోవాలి. లెక్కపెట్టేది ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకుండా, వెంటనే రాసి ఇద్దరూ సంతకం పెట్టి. ఫలానా పనికి అని చెప్పి ఇచ్చిన డబ్బు ఆ పనికే వాడాలి, ఇది 1983 సంఘ చట్టంలో 1267వ నియమం, కాబట్టి ప్రత్యేక కవర్లని మామూలు కానుకల్లో కలిపేయకండి.

3. పఠనం చదవడం

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తా, దెబ్బలు తిన్నది ఇక్కడే కాబట్టి.

ఆదివారం పఠనాలు మూడేళ్ళ చక్రంలో తిరుగుతాయి, ఎ సంవత్సరం మత్తయి, బి మార్కు, సి లూకా. మొదటి పఠనం మామూలుగా ఆ రోజు సువిశేషానికి జతగా ఉండేలా ఎంచినది. అందుకని మీ వంతు తెలియగానే సువిశేషం కూడా చదవండి, మీ పఠనంలో దేన్ని ఎత్తి పలకాలో అప్పుడు తెలుస్తుంది.

సోమవారం ఒకసారి మనసులో చదవండి, ముందూ వెనకా ఏం జరిగిందో బైబిల్లో ఆ అధ్యాయం మొత్తం చూడండి. మంగళవారం నుంచి రోజుకొకసారి పైకి, నిలబడి చదవండి. నాలుక తట్టుకునే పేర్లని ముక్కలు చేసి రాసుకోండి, నా పాత కాగితంలో ఇప్పటికీ "పం–ఫూ–లి–య" అని ఉంటుంది. పౌలు గారి లేఖల్లో వాక్యాలు మైలు పొడుగు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టుకోకపోతే మధ్యలో మునిగిపోతారు. శనివారం కుదిరితే ఖాళీ గుడిలో అదే మైకులో ఒక్కసారి చదివి, ఒకరిని చివరి వరసలో కూర్చోబెట్టి వినపడిందో లేదో అడగండి.

ఆ రోజు పుస్తకంలో పేజీ సరైనదేనా పూజకి ముందే చూసుకోండి. మైకు నోటికి జానెడు దూరం. ఎర్ర అక్షరాల్లో ఉన్న "మొదటి పఠనం" అనేది సూచన మాత్రమే, చదవక్కర్లేదు, నేరుగా ఏ గ్రంథం నుంచో చెప్పి మొదలుపెట్టాలి. జనం కూర్చుని కుర్చీల చప్పుడు ఆగేదాకా నోరు తెరవకండి. చివరి వాక్యం అయ్యాక మనసులో రెండు లెక్కపెట్టి అప్పుడు "ఇది ప్రభువు వాక్కు" అనాలి, అతికించేస్తే అది కూడా యెషయా గారే అన్నట్టు ఉంటుంది. ఫోన్‌లో చూసి చదవడం నాకు అస్సలు నచ్చదు, ప్రత్యేకంగా చేయించిన పఠన గ్రంథం అక్కడ పెట్టుకుని, చార్జింగ్ ఎంతుందో చూసుకుంటూ దేవుని వాక్కు చదవడమేంటి.

నాటకం వద్దు, నత్తనడకా వద్దు. ప్రవక్త కోపంగా ఉంటే ఆ మాటల్లోనే కోపం ఉంటుంది, మీరు అరవక్కర్లేదు.

ఊరేగింపులో ఎత్తి పట్టుకెళ్ళేది సువిశేష గ్రంథం, పఠన గ్రంథం కాదు, అది ముందే వాక్యపీఠం మీద ఉండాలి. రెండు పఠనాల మధ్య కీర్తన బదులు ఏదో ఒక భక్తి పాట పాడేయకూడదు, ఆ కీర్తన కూడా దేవుని వాక్కే. విశ్వాసుల ప్రార్థన మీరే రాయాల్సొస్తే వరస ఇది: తిరుసభ, పాలకులు లోకం, కష్టాల్లో ఉన్నవాళ్ళు, మన విచారణ. ఒక్కోటి ఒక్క వాక్యం. దేవుడికి వార్తలు చదివి వినిపించక్కర్లేదు, ఆయనకి తెలుసు.

4. సాక్రిస్టీ, పీఠ సేవకులు

సాక్రిస్టీ పని కనపడదు, తప్పు జరిగితే తప్ప. పూజ పాత్ర, పళ్ళెం, అప్పాలు, ద్రాక్షరసం, నీళ్ళు, చేతులు కడిగే గిన్నె, తువాలు, పూజాగ్రంథం రిబ్బన్లు సరైన పేజీల్లో, ఆ రోజు రంగు వస్త్రాలు. క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమనకాలం, ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సుకాలం ఊదా, పాస్కా (ఈస్టర్), క్రిస్మస్ తెలుపు, పెంతెకోస్తు, మట్టల ఆదివారం ఎరుపు, సామాన్యకాలం ఆకుపచ్చ. గుడిలో తలలు లెక్కపెట్టి, మందసంలో (సత్ప్రసాదం భద్రపరిచే పెట్టెలో) ఎన్నున్నాయో ఫాదర్ గారిని అడిగి అప్పాలు పెట్టండి.

పీఠం మీద పరిచే కార్పొరల్ అనే చదరపు గుడ్డ గురించి ఒక్క మాట. దాన్ని నిలువు మూడు, అడ్డం మూడు మడతలు లోపలికి వేస్తారు, విప్పితే తొమ్మిది గళ్ళు కనపడతాయి. తీసేటప్పుడు టేబుల్ క్లాత్ దులిపినట్టు దులపకండి, అప్పం రేణువులు ఉంటాయనే ఆ మడత. పాత్రలు తుడిచిన గుడ్డల్ని ముందు నీళ్ళలో జాడించి ఆ నీళ్ళని సాక్రేరియంలో, అంటే నేరుగా నేలలోకి వెళ్ళే ప్రత్యేక తొట్టిలో పోసి, తర్వాతే మామూలుగా ఉతకాలి.

పీఠ సేవకులుగా వచ్చే పిల్లలకి నేను మొదట నేర్పించేది గంట కొట్టడం కాదు, నిలబడటం. మోకాళ్ళు బిగబట్టి కదలకుండా నిలబడితే కళ్ళు తిరుగుతాయి, కాస్త సడలించమని చెప్పండి. సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం అని పిల్లలు నీళ్ళు కూడా తాగరు, నీళ్ళు, మందులు ఆ ఉపవాసాన్ని భంగపరచవు, సంఘ చట్టం 919వ నియమంలోనే ఉంది, తాగించండి.

5. సత్ప్రసాదం పంచడం

పేరులో "అసాధారణ" అనేది గొప్ప అని కాదు, మామూలుగా అది గురువుల, డీకన్ల పని, జనం ఎక్కువై వాళ్ళు చాలనప్పుడే మీరు. 1973 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. కాబట్టి ఇద్దరు గురువులున్న రోజు మిమ్మల్ని పిలవకపోతే అలగకండి. (అలిగినవాళ్ళని చూశా, అందులో నేనూ ఉన్నా.)

గురువు స్వీకరించాకే పీఠం దగ్గరికి వెళ్ళాలి. పాత్రని పీఠం మీద నుంచి మీరే తీసుకోకూడదు, గురువు చేతి నుంచే అందుకోవాలి. అప్పాన్ని కొంచెం పైకెత్తి "క్రీస్తు శరీరం" అనండి, అంతే, మనిషి పేరో ఇంకో మాటో చేర్చకండి. "ఆమెన్" విన్నాక ఇవ్వండి. చేతిలోనా నాలుక మీదా అన్నది, రెండూ అనుమతించిన చోట, తీసుకునేవాళ్ళ ఇష్టం, మీ మొహంలో ఏ రంగూ మారకూడదు. చేతిలో తీసుకున్నవాళ్ళు అక్కడే స్వీకరించారా లేదా ఒక కంట చూడండి, జేబులో పెట్టుకుని వెళ్తుంటే నెమ్మదిగా అడగండి.

కింద పడితే? గాభరా పడకండి, ఆపండి, వంగి భక్తిగా మీరే తీయండి. ద్రాక్షరసం ఒలికితే ఆ చోటు నీళ్ళతో కడిగి ఆ నీళ్ళు సాక్రేరియంలో పోయాలి. పూర్తిగా గ్లూటెన్ లేని అప్పం చెల్లదు, గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళకి చాలా తక్కువ గ్లూటెన్ ఉన్నవి వాడొచ్చు, అవీ పడనివాళ్ళు ద్రాక్షరసం రూపంలో మాత్రమే తీసుకోవచ్చు, వీళ్ళని గుమ్మం దగ్గర సేవకులే ముందుగా గుర్తుపట్టి లోపలికి కబురు చెప్తే వరసలో ఇబ్బంది ఉండదు. పూజ తర్వాత పాత్రలు శుద్ధి చేసేది గురువు, డీకన్, లేదా అధికారికంగా నియమించిన పీఠ పరిచారకులు, మీరు కాదు.

జబ్బుపడినవాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళేటప్పుడు పిక్స్ అనే చిన్న డబ్బీ మెడలో వేసుకుని నేరుగా అక్కడికే వెళ్ళాలి, దారిలో బజారు పని పెట్టుకోవద్దు. ఇంట్లో తెల్లగుడ్డ పరిచి కొవ్వొత్తి వెలిగించమని ముందే ఫోన్ చేసి చెప్పండి. మింగలేనివాళ్ళకి చిన్న ముక్క, ఒక గుక్క నీళ్ళు. టీవీ ఆపమని అడగడానికి సిగ్గుపడొద్దు, ప్రార్థన అయ్యాక పది నిమిషాలు కూర్చుని వాళ్ళు చెప్పేది వినకుండా లేచిపోవద్దు.

6. పాటలు

గానబృందం వాళ్ళకి కోపమొచ్చినా చెప్తా, జనం కలవలేని పాట పూజలో కచేరీ అవుతుంది. కొత్త పాట నెలకి ఒకటి చాలు. తపస్సుకాలంలో అల్లెలూయ ఉండదు, మహిమ గీతం ఆదివారాల్లో ఉండదు, వాయిద్యాలు మాత్రం నాలుగో ఆదివారం, పండగల్లో తప్ప పాటకి ఊతంగానే వాడాలి. ప్రాక్టీస్ పూజకి పది నిమిషాల ముందే ఆపేయండి, వచ్చి మోకరించినవాళ్ళకి ఆ పది నిమిషాలు కావాలి.

7. రోస్టర్

సేవలు ఆగిపోయేది భక్తి తగ్గి కాదు, రోస్టర్ సరిగ్గా లేక. నెల ముందే వేయండి. ఒకరికి రెండు సేవలకి మించి వద్దు, అన్నిటికీ ఒకే నలుగురు కనపడితే కొత్తవాళ్ళు "ఇది వాళ్ళది" అనుకుని రారు. రాలేకపోతే మీ బదులు మనిషిని మీరే చూసుకుని గ్రూపులో పెట్టండి, ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో "సారీ" అని పెట్టి ఊరుకోకండి. పవిత్ర వారానికి విడిగా రిహార్సల్ కావాలి, గురువారం పాదాలు కడగడం, శుక్రవారం సిలువ ఆరాధన, శనివారం చీకట్లో కొవ్వొత్తులు, ఇవి ఏడాదికొక్కసారే వస్తాయి, ఎవరికీ గుర్తుండవు.

మూడేళ్ళకోసారి పక్కకి తప్పుకుని ఒక నెల ఊరికే జనంలో కూర్చోండి. నేను కూర్చున్న మొదటి ఆదివారం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

8. పూజ అయ్యాక

వరసల మధ్య నడుస్తూ కాగితాలు తీయండి, పుస్తకాలు సర్దండి, మర్చిపోయిన గొడుగులు, కళ్ళద్దాలు తేదీ రాసిన పెట్టెలో వేయండి. గుమ్మంలో ఒక్కరైనా నిలబడి ఉండాలి, వచ్చేటప్పుడు పలకరించి వెళ్ళేటప్పుడు మన ముచ్చట్లలో మునిగితే కొత్తవాళ్ళు గోడ పక్కగా జారిపోతారు. మైకులు ఆపి, కొవ్వొత్తులు ఆర్పి, కిటికీలు మూసి, లైట్ల దగ్గరికి వెళ్ళేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, ఏదో ఒక వరసలో ఎవరో ఒకరు ఇంకా కూర్చునే ఉంటారు. తాళాలు గలగలలాడించకండి. ఆ వరస మీద లైటు ఉంచి మిగతావి ఆపేసి, బయట మెట్ల మీద కూర్చోండి, వాళ్ళే వస్తారు.